నక్షయు అడంగలును ఒకటైనప్పుడు

1984వ సంవత్సరమున గ్రామాధికారుల పదవులు రద్దగు వరకు మన కరణముల పెట్టెలలో రెండు తెగల కాగితములు ఉండెడివి. ఒకటి నక్ష, రెండవది అడంగలు. తెలంగాణమున ఈ రెండవదానినే పహాణీ యందురు. నక్షను చూచినచో పొలము ఆకారము తెలియును గాని, అది యెవరి స్వాధీనమున నున్నదో, అందేమి పైరు వేసిరో తెలియదు. అడంగలు చూచినచో ఆ వివరములు తెలియును గాని, ఆ పొలము ఊరికి ఏ దిక్కున నున్నదో, దాని గట్టునకు ఆవల నున్న పొలమేదో తెలియదు. ఈ రెండింటిని కలుపునది మరియొకటి ఉండెడిది. అదియే కరణముగారి జ్ఞాపకము. నక్షపై వేలుపెట్టి అడిగినచో అడంగలులో ఆ పుట తీసి చూపగల శక్తి దానికే కలదు.

నేడు పటములను కంప్యూటరుపై గీయుచున్నారు. అట్లు గీసిన పటమును భూస్థానిక సమాచార కోశములోనికి, అనగా భూమిపై స్థానముతో ముడిపడిన డేటాబేసులోనికి మార్చు పని దేశమంతట జరుగుచున్నది. భూమి రికార్డుల నవీకరణకై కేంద్ర ప్రభుత్వము 2008లో ఒక జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డ్రోనుల సాయముతో భూముల పునఃసర్వేకు పూనుకొన్నది. ఇట్టి కార్యములలో పాత పటములైనను, కొత్త కొలతలైనను తుదకు కోశములో చేరవలసినవే. ఒక మీట నొక్కినంతనే ఈ మార్పు జరిగిపోవునని పలువురి భావము. మీట నొక్కు మాట నిజమే. కాని అంతకు ముందు, కరణముగారి జ్ఞాపకము ఏ పని చేయుచుండెనో ఆ పనిని కంప్యూటరునకు విడమరచి చెప్పవలసియున్నది. చెప్పుటలో లోపము జరిగినచో నష్టపడువాడు పొలము గలవాడు.

మొదట గీతచిత్రము సంగతి చూతము. అమెరికాలో ఆటోడెస్క్ సంస్థవారు 1982 డిసెంబరులో ఆటోకాడ్ అను సాధనమును విడుదల చేసిరి. అది మొదలు ఇంజనీర్లు బల్లపై కాగితము పరచి గీయుట క్రమముగా తగ్గి, తెరపై గీయుట పెరిగినది. ఇట్టి సాధనములకు తెలిసినవి గీత, వంపు, వలయము, అక్షరము. ఒక గీత ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో అవి చెప్పగలవు. ఆ గీత పొలము గట్టో, బండిబాటయో, విద్యుత్తు తీగయో వానికి తెలియదు. గీయువారు సౌకర్యమునకై గట్లన్నిటిని ఒక పొరలోను, బాటలన్నిటిని మరియొక పొరలోను ఉంచి ఆ పొరలకు పేర్లు పెట్టుదురు. ఆ పేరు తప్ప గీతను గూర్చి కంప్యూటరు ఎరిగినది తక్కువ.

కోశము తీరు వేరు. అందు ముఖ్యమైన ఆకారములు మూడు: బిందువు, రేఖ, బహుభుజి. హద్దురాయి బిందువు, కాలువ రేఖ, పొలము బహుభుజి. ప్రతి ఆకారమునకు పట్టికలో ఒక వరుస యుండును. ఆ వరుసలోని గడులలో సర్వే నంబరు, విస్తీర్ణము, నేల తరము మొదలగు లక్షణములు చేరును. అనగా నక్షలోని ఆకారము తానును అడంగలులో ఒక గడి యైనదన్నమాట. అప్పుడు దానిని ప్రశ్నింపవచ్చును. తవ్వదలచిన కాలువకు ఇరువైపుల 50 మీటర్లలోపల ఏయే పొలములున్నవి? 112వ నంబరునకు సరిహద్దు పొలములెన్ని? ఇట్టి ప్రశ్నలకు క్షణములో జవాబు వచ్చును. గీతచిత్రము చూచుటకు, కోశము అడుగుటకు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో, ఒకదానినుండి రెండవదానికి మారునప్పుడు వచ్చు చిక్కులు సులభముగా బోధపడును.

మొదటి చిక్కు గీతలు కలియకుండుట. తెరపై ఒక పొలము నాలుగు గట్లతో నిండుగా కనబడును. దానిని పలురెట్లు పెద్దది చేసి చూచినచో, ఒక మూల రెండు గీతల నడుమ బెత్తెడు ఎడము ఉండవచ్చును. మరియొక మూల ఒక గీత రెండవదానిని దాటి మూరెడు ముందునకు పోయియుండవచ్చును. ఒకే గట్టును రెండుసార్లు గీసియుండవచ్చును. కన్ను వీనిని క్షమించును. కాగితముపై ఇవి సిరా మందములో కలిసిపోవును. కాని బహుభుజి ఏర్పడవలెనన్న గీతలు సరిగా ఒకే బిందువున కలిసి మూసికొనవలెను. ఎడమున్న యెడల ఆ పొలము కోశములో చేరక జారిపోవును, లేదా ప్రక్క పొలముతో కలిసి ఒకటైపోవును.

దీనికి సవరణ సాధనములు కలవు. ఇంత దూరములోపల నున్న కొనలను కలిపివేయుమని ఒక పరిమితి చెప్పినచో, కంప్యూటరు అన్నిటిని తానే అతుకును. మెలకువ కావలసినది ఇక్కడనే. పరిమితి ఒక మీటరని చెప్పితిమనుకొనుడు. ఆ గ్రామమున 80 సెంటీమీటర్ల వెడల్పు గల పంటబోదె యొకటి యున్నచో, దాని రెండు ఒడ్లు ఒకటైపోయి బోదె పటమునుండి మాయమగును. నేలమీద నీరు పారుచునే యుండును. కాని రేపు పై పొలమువాడు బోదెను పూడ్చి దున్నినచో, దిగువ రైతు దేనిని చూపి న్యాయమడుగగలడు? కావున ఆ గ్రామమున మిక్కిలి సన్నని బోదెయు, కాలిబాటయు ఎంత వెడల్పుండునో ముందుగా తెలిసికొని, పరిమితిని అంతకు చాల తక్కువగా నిర్ణయింపవలెను. దానికి లొంగని ఎడములను ఒక్కొక్కటిగా చూచి చేతితో సరిచేయుటయే మంచిది.

రెండవ చిక్కు పేరు తగిలించుట. పటమున ఒక పొలము నడుమ 112 అని వ్రాసియున్నది. ఆ అంకె ఆ పొలమునకు చెందినదని చదువువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కంప్యూటరునకు మాత్రము ఆ గుర్తు వేరు, పొలము వేరు. ఏ బహుభుజి లోపల ఏ అంకె నిలిచియున్నదో చూచి, దానికి ఆ నంబరు తగిలింపుమని ఆజ్ఞాపించుట వాడుక. పెద్ద పొలముల విషయమున ఇది చక్కగా సాగును. కాని పది సెంట్ల చెక్కలో అంకె పట్టదు. అప్పుడు గీయువారు దానిని ప్రక్క పొలములో వ్రాసి, బాణపు గుర్తుతో ఇది దానిదని చూపుదురు. కంప్యూటరు బాణమును చదువదు. ఫలితముగా ప్రక్క పొలమునకు రెండు నంబర్లు వచ్చును, చిన్న చెక్కకు ఒకటియు లేకపోవును. ఇట్లు ఊరుపేరు లేక మిగులునవి చిన్న కమతములే యగుట గమనింపదగినది. అందుచేత మార్పు ముగిసిన వెంటనే కోశమును రెండు ప్రశ్నలడుగవలెను: నంబరు లేని పొలములెన్ని? రెండు నంబర్లు గల పొలములెన్ని? రెండింటికిని సున్న యని జవాబు వచ్చువరకు పని ముగియలేదని ఎంచవలెను.

మూడవ చిక్కు అంకెల అర్థమునకు సంబంధించినది. కోస్తా, రాయలసీమ ప్రాంతములలో ఎకరమునకు 100 సెంట్లు. తెలంగాణమున 40 గుంటలు. సెంటు 48.4 చదరపు గజములు, గుంట 121 చదరపు గజములు. తెలంగాణపు పహాణీలో 2-20 అని యున్నచో అది రెండెకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. దానిని కోశములో 2.20 అను దశాంశ సంఖ్యగా చేర్చినారనుకొనుడు. రెండున్నర ఎకరములు రెండు ఎకరముల ఇరువది సెంట్లైనది. 30 సెంట్ల భూమి, అనగా 1,452 చదరపు గజములు, ఎవరును దొంగిలింపకయే పోయినది. గట్టు జరుగలేదు, రాయి పెకలింపలేదు. గడిలో ఒక గీతకు బదులు చుక్క పడినది, అంతియే. కనుక విస్తీర్ణపు గడికి కొలమానము పేరు కూడ జతచేయుట తప్పనిసరి.

సర్వే నంబరు విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. 112లో పదవ భాగమును 112.10 అని వ్రాయు అలవాటు కొన్నిచోట్ల కలదు. గడిని సంఖ్యల గడిగా ఏర్పరచినచో చివరి సున్నకు విలువలేదని కంప్యూటరు దానిని 112.1గా చేయును. అప్పుడు పదవ భాగమువాడును మొదటి భాగమువాడును ఒకడే యగుదురు. 12/3 అను నంబరును కొన్ని పట్టిక సాధనములు తేదీగా భావించి మార్చివేయును. సర్వే నంబరు చూచుటకు అంకెయే కాని నిజమునకు పేరు. దానిని కూడుట, తీసివేయుట యుండదు గనుక అక్షరముల గడిలోనే ఉంచవలెను. తెలుగులో వ్రాసిన పేర్లకు మరియొక గండము కలదు. యూనికోడ్ విధానములో తెలుగు లిపికి 1991లోనే చోటు దొరకినను, చాలకాలము మన కార్యాలయములలో ప్రత్యేకమైన ఫాంటులతో టైపు చేసిరి. ఆ అక్షరములు తెరపై తెలుగువలె కనబడును గాని లోపల వేరు లిపి సంకేతములే. కోశములోనికి చేరగానే ఊరిపేర్లు, చెరువుపేర్లు చదువరాని గుర్తులగును. వానిని ముందుగా యూనికోడులోనికి మార్చిన పిదపనే పటము చేతబట్టవలెను.

నాలుగవది అన్నిటికంటె పెద్దది: పొలము భూగోళముపై ఎచ్చటనున్నది? గీతచిత్రమునకు ఈ ప్రశ్నతో పనిలేదు. గీయువారు తెర మూలను సున్నగా తీసికొని, అక్కడినుండి మీటర్లలోనో, అడుగులలోనో, గొలుసు లింకులలోనో గీయుదురు. కోశమునకు మాత్రము ప్రతి బిందువునకు నిజమైన చిరునామా కావలెను. దీనికి ఉపాయము నేలమీదనే యున్నది. పటములో గుర్తింపదగిన హద్దురాళ్లను కొన్నిటిని ఎంచుకొని, ఉపగ్రహ సంకేతములనందుకొను పరికరముతో వాని స్థానములను కొలిచి, పటమును ఆ స్థానములకు కట్టవలెను. రెండు రాళ్లు దొరికినచో పటము ఎంత జరుగవలెనో, ఎటు తిరుగవలెనో, ఎంత పెరుగవలెనో లెక్క తేలును. కాని రెండింటిలో ఒక రాయి ఎవరైన జరిపినదైనచో ఆ సంగతి బయటపడదు. మూడవ రాయి సాక్ష్యము చెప్పును. నాలుగవది, ఐదవది ఆ సాక్ష్యమును బలపరచును. ఆ రాళ్లును ఊరిలో ఒక్కమూలనే యుండక నలుదిక్కుల వ్యాపించియుండవలెను.

చిరునామా వ్రాయు పద్ధతులును పెక్కు. దేశపటములలో చాలకాలము భూమి ఆకారమునకు ఎవరెస్టు 1830లో కట్టిన లెక్క ఆధారము. 2005లో జాతీయ పట విధానము వచ్చిన తరువాత సర్వే ఆఫ్ ఇండియావారు ప్రజోపయోగమునకు ఇచ్చు పటములు డబ్ల్యూజిఎస్-84 అను ప్రపంచ వ్యాప్తమైన లెక్క ననుసరించుచున్నవి. అక్షాంశ రేఖాంశముల అంకెలు అవియే యైనను, ఈ రెండు లెక్కలలో అవి సూచించు స్థలములు హైదరాబాదు ప్రాంతమున ఒకదానికొకటి నూరు మీటర్లకు పైగా ఎడమై యుండును. మీటర్లలో చెప్పుటకై భూగోళమును ఆరేసి డిగ్రీల వెడల్పు గల 60 పట్టీలుగా విభజించిన పద్ధతి యొకటి కలదు. అందు విజయవాడ, హైదరాబాదు 44వ పట్టీలోనివి. అనంతపురము 43వ పట్టీలోనిది. ఉత్తరపు కొసనున్న ఇచ్ఛాపురము 45వ పట్టీలోనిది. ప్రతి పట్టీలోను అంకెలు మరల ఒకే తీరున మొదలగును. అనంతపురపు పటమునకు పొరబాటున 44వ పట్టీ యని పేరు పెట్టినచో, ఆ పొలములన్నియు ఆరువందల కిలోమీటర్లకు పైగా తూర్పునకు జరిగి బంగాళాఖాతములో తేలును. రేఖాంశమును అక్షాంశమును తారుమారుగా చేర్చినచో హైదరాబాదు ఉత్తర ధ్రువ సమీపమున నార్వేవారి స్పిట్స్‌బెర్గెన్ మంచుదీవిలో కనబడును.

ఇట్టి పెద్ద తప్పులు నవ్వు పుట్టించును, వెంటనే దొరకిపోవును. భయపడవలసినది నూరు మీటర్ల తప్పునకు. అప్పుడు పొలము ఊరిలోనే యుండును, ఆకారము సరిగానే యుండును, పొరుగు పొలము స్థానమున మాత్రము కూర్చుండును. ఈ తప్పునకు సాధారణ కారణము పేరు మార్చుటకును, కొలత మార్చుటకును గల భేదము తెలియకుండుట. ఒక కాగితముపై 100 గజములని యున్నది. గజములు అను మాట కొట్టివేసి మీటర్లు అని వ్రాసినంతమాత్రమున గుడ్డ పెరుగదు; 100 గజములు 91.44 మీటర్లని లెక్క వేయవలెను. పట సాధనములలోను రెండు ఆజ్ఞలు వేరువేరుగా నున్నవి. ఈ పటము ఫలానా పద్ధతిలో నున్నదని చెప్పునది ఒకటి. ఆ పద్ధతినుండి మరియొక పద్ధతికి లెక్కగట్టి మార్చునది ఇంకొకటి. మొదటి దానిని నిజము తెలిసికొని చెప్పవలెను; రెండవ దానిని అటుపిమ్మటనే వాడవలెను.

వంపులను గూర్చి ఒక మాట. గీతచిత్రమున చెరువుకట్ట వంపును ఒకే చాపముగా గీయవచ్చును. చాల కోశములలో మాత్రము వంపు చిన్న చిన్న తిన్నని తునకలుగా మారును. 100 మీటర్ల వ్యాసార్థము గల వంపును పది డిగ్రీలకొక తునకగా విరిచినచో, ప్రతి తునక నడిమి భాగమున 38 సెంటీమీటర్ల మేర హద్దు లోపలికి జరుగును. ఒక్క డిగ్రీకి ఒక తునక యైనచో ఆ తేడా నాలుగు మిల్లీమీటర్లకు మించదు. తునకల సంఖ్యను మనమే చెప్పవచ్చును గనుక, చెప్పుట మరువరాదు.

ఇక కోశపు రూపములు పలువిధములు. అమెరికాలోని ఎస్రి సంస్థవారి షేప్ ఫైలు 1990ల నాటిది; నేటికిని విరివిగా వాడుకలో నున్నది. కాని ఒక్కొక్క ఫైలులో ఒకే జాతి ఆకారములు ఇమిడును. గడిపేరు పది అక్షరములకు మించరాదు, మించినచో కత్తిరించును. కెనడాలో 2001లో వెలువడిన పోస్ట్‌జిఐఎస్, 2014లో ప్రమాణముగా వచ్చిన జియోప్యాకేజ్ ఈ ఇరుకును తొలగించినవి. లక్షల పొలములున్నను కోశము వేగముగా జవాబు చెప్పుటకు ఒక యుక్తి కలదు. ఉత్తరము చేరవలెనన్న మొదట జిల్లా, తరువాత మండలము, తరువాత గ్రామము చూచునట్లే, కోశము పొలములను పెద్ద చతురములలో చిన్న చతురములుగా అమర్చుకొని, కావలసిన చతురము మాత్రమే తెరచి చూచును. ఆంటోనిన్ గుట్‌మన్ 1984లో వివరించిన పద్ధతి యిది.

అంతయు ముగిసిన పిదప సరిచూచుట యను పని మిగిలియున్నది. గీతచిత్రమున మూసిన పొలములెన్ని, కోశమున చేరినవెన్ని యని లెక్కింపవలెను. పొలముల విస్తీర్ణములన్నియు కూడి గ్రామ విస్తీర్ణముతో పోల్చవలెను. రెండు పొలముల నడుమ ఎవరికి చెందని సన్నని పేలిక మిగిలినదేమో, ఒక పొలము మరియొకదానిపైకి ఎక్కినదేమో అడుగవలెను. గీతచిత్రమున రెండు పొలములకు ఒకే గట్టు గీత యుండును. సాధారణ కోశమున ఏ పొలము గట్టును ఆ పొలము వేరుగ వ్రాసికొనును. తరువాత ఒక పొలమును సవరించి రెండవదానిని విడిచినచో తగవు అక్కడ పుట్టును. చివరకు కోశము కట్టిన విస్తీర్ణమును అడంగలులోని విస్తీర్ణముతో సరిపోల్చి, తేడా వచ్చిన పొలముల జాబితా వ్రాయవలెను. ఈ జాబితాను కార్యాలయములో కూర్చుండి అంకెలు సర్ది చింపివేయుట సులభము. కాని ఆ తేడాలలో కొన్ని గీతలో తప్పు, కొన్ని పాత అడంగలులో తప్పు, కొన్ని నేలమీద నిజముగా జరిగిన మార్పు. ఏది ఏదియో తెలియవలెనన్న జాబితాను చేతబట్టి, ఇరుగుపొరుగు రైతులను పిలిచి, గట్టుమీద నిలువవలసినదే.

శ్రోతలలో పొలము గలవారు ఈ లెక్కలన్నియు నేర్వనక్కరలేదు. కాని కంప్యూటరు ఇచ్చిన పటము మీ చేతికి వచ్చినప్పుడు నాలుగు సంగతులు చూచుకొనుడు. సర్వే నంబరు భాగముతో సహా సరిగా నున్నదా? విస్తీర్ణము సెంట్లలోనా, గుంటలలోనా, స్పష్టముగా వ్రాసియున్నదా? నాలుగు వైపుల పొరుగు నంబర్లు మీరెరిగినవేనా? మీ పొలమునకు నీరు వచ్చు బోదె, బండి పోవు బాట పటములో కనబడుచున్నవా? ఇందేది లోపించినను, అచ్చు చక్కగా నున్నదని ఊరకుండక వెంటనే అర్జీ పెట్టుకొనుడు. క్రయవిక్రయములకు, బ్యాంకు అప్పునకు, కాలువ క్రింద పోయిన భూమి పరిహారమునకు ఇకముందు కోశము చెప్పినదే మాట కానున్నది. ఆ కోశమునకు మీ పొలమును గూర్చి చెప్పగల కరణముగారు నేడు లేరు. పొరుగువారి హద్దులను ఎరిగిన మీరున్నారు.